చెత్తకుప్ప చెప్పిన సాక్ష్యం

ఏథెన్స్ నగరం నడిబొడ్డున, అగోరా అనే సంత మైదానంలో ఒక పనివాడు శరణార్థిగా వచ్చి కూర్చున్నాడు. పేరు మెనాన్. శిల్పి ఫిడియాస్ దగ్గర సహాయకుడు. తన ప్రాణానికి హామీ ఇస్తే గురువుగారి గుట్టు బయటపెడతానన్నాడు. చుట్టూ జనం మూగారు. నగరం హామీ ఇచ్చింది. అప్పుడు చెప్పాడు: ఎథీనా అమ్మవారి విగ్రహానికని ఇచ్చిన బంగారం దారి తప్పిందని.

ఈ ఉదంతాన్ని మనకు అందించినవాడు జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్. జరిగిన 500 ఏళ్లకు పైబడి రాశాడు కాబట్టి ప్రతి మాటా ప్రమాణం కాదు. కానీ మెనాన్‌ను వెనక నుంచి ఎగదోసినవాళ్లున్నారన్న ఆయన మాట మాత్రం నమ్మబుద్ధేస్తుంది. వాళ్ల గురి ఫిడియాస్ మీద కాదు, అతని మిత్రుడు పెరిక్లీస్ మీద. నగరాన్ని నడిపించే నాయకుడిని నేరుగా ఢీకొనే దమ్ము లేక, ముందు ఆయన మనిషిని బోనెక్కించి జనం నాడి చూద్దామనుకున్నారు.

ఇంతకీ ఆ విగ్రహం సామాన్యమైంది కాదు. పార్థెనాన్ గుడి పని క్రీ.పూ. 447లో మొదలైతే, 438లో లోపల అమ్మవారిని ప్రతిష్ఠించారు. దాదాపు 12 మీటర్ల ఎత్తు. లోపలంతా చెక్క చట్రం. ముఖానికి, చేతులకు, పాదాలకు ఏనుగు దంతం పలకలు, చీరకట్టంతా బంగారు తాపడం. కుడి అరచేతిలో రెక్కల విజయదేవత, ఆ ఒక్క బొమ్మే నిలువెత్తు మనిషంత. ఎడమ పక్కన డాలు, దాని చాటున చుట్ట చుట్టుకున్న పాము. దంతానికి, బంగారానికి ఎంతెంత ఖర్చయిందో లెక్కలు రాతి పలకల మీద చెక్కించి అందరికీ కనబడేలా పెట్టారు. వాటి ముక్కలు ఈనాటికీ ఉన్నాయి.

బంగారం ఎంత? చరిత్రకారుడు థుసిడిడీస్ చెప్పిన లెక్క 40 టాలెంట్లు, అంటే మన తూకంలో 1,000 కిలోల పైమాటే. అంత బంగారం ఒక్క మనిషి చేతుల మీదుగా నడిచినప్పుడు నింద వేయడానికి సాక్ష్యం అక్కర్లేదు.

సంతలో ఆ రోజు ఏం గుసగుసలు నడిచాయో ఊహించుకోవడం కష్టం కాదు.

“నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నా!”

“వాడి వేలికి కాస్త పొడి అంటుకున్నా చాలు, మన రెండు తరాలు కూర్చుని తినొచ్చు.”

కానీ పెరిక్లీస్ పాతకాపు. మొదట్లోనే శిల్పికి ఒక సలహా ఇచ్చి ఉంచాడు: తాపడం మొత్తం ఏ రేకుకారేకు ఊడదీసి మళ్లీ బిగించేలా చెయ్యమని. అందులో భక్తి కన్నా ఖజానా ఆలోచనే ఎక్కువ. యుద్ధమొచ్చి డబ్బు కరువైతే అమ్మవారి బంగారం వాడుకుని తర్వాత తిరిగి పెట్టేయవచ్చని ఆయన జనానికి బాహాటంగానే చెప్పాడు. ఆ ఏర్పాటే ఇప్పుడు అక్కరకొచ్చింది. రేకులు విప్పండి, త్రాసులో పెట్టండి, తూచుకోండి అని ఫిర్యాదుదారులకే పురమాయించాడు. దొంగతనం రుజువు కాలేదు.

అంతటితో వదిలితే వాళ్లు రాజకీయులెలా అవుతారు? ఈసారి డాలు మీద పడ్డారు. డాలు వెలుపలి వైపు గ్రీకు వీరులకూ అమెజాన్ స్త్రీలకూ జరిగిన పోరు చెక్కి ఉంది. ఆ గుంపులో రెండు చేతులతో బండరాయి ఎత్తిన బట్టతల ముసలివాడు ఫిడియాసేనట! ఈటె ఎత్తిన మరొక వీరుడు అచ్చం పెరిక్లీస్‌లా ఉన్నాడట. ఈటె పట్టిన చెయ్యి ముఖానికి అడ్డం వచ్చేలా నేర్పుగా మలిచినా, పోలిక రెండు పక్కల నుంచీ తెలిసిపోతూనే ఉందట. దేవత డాలు మీద మనుషుల ముఖాలా? ఈ నేరం త్రాసుకు అందేది కాదు. ఫిడియాస్ జైలుకు వెళ్లాడు, అక్కడే జబ్బు చేసి చనిపోయాడని ప్లూటార్క్ ముగించాడు. మెనాన్‌కు మాత్రం పన్ను మినహాయింపు దక్కింది, అతన్ని కాపాడే పూచీ సేనాపతుల మీద పెట్టారు.

ఇక్కడే చిక్కు. ప్లూటార్క్ కన్నా చాలా ముందువాడు, ఏథెన్స్ చరిత్ర రాసిన ఫిలోకొరస్, ఇంకోలా చెప్పాడు. ఫిడియాస్ ఎలిస్ సీమకు పారిపోయాడని, అక్కడ ఒలింపియాలో దేవతల రాజు జ్యూస్ విగ్రహం చేశాడని, చివరికి ఎలిస్ వాళ్లే అతన్ని చంపారని. ఒకే మనిషికి రెండు చావులు. మొదటిదే నిజమైతే జ్యూస్‌ను ఎథీనా కన్నా ముందే చేసి ఉండాలి. రెండోది నిజమైతే, ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి తలదాచుకోవడానికి వచ్చినవాడి చేతి పని.

విగ్రహాలను అడుగుదామంటే అవి లేవు. క్రీ.పూ. 3వ శతాబ్దం తొలి రోజుల్లో లఖారెస్ అనే నియంత తన సైన్యానికి జీతాలివ్వడానికి ఎథీనా బంగారం ఒలిచేశాడు. పెరిక్లీస్ చేయించిన సులువు వాడికీ కలిసొచ్చి ఉండాలి. తర్వాత బాగుచేసుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చారు. క్రీ.శ. 5వ శతాబ్దంలో విగ్రహాన్ని గుడిలోంచి తీసేశారు. అప్పుడు తత్త్వవేత్త ప్రోక్లస్‌కు కలలో ఒక స్త్రీ కనబడి, అమ్మవారు ఇక నీ ఇంట్లో ఉంటానంటోంది, త్వరగా ఇల్లు సిద్ధం చెయ్యి అని చెప్పిందట. ఆ తర్వాత జాడ లేదు. 1880లో ఏథెన్స్‌లో మీటరు ఎత్తు పాలరాతి నకలు ఒకటి దొరికింది. రోమన్ల కాలం నాటిది, భంగిమ తెలియడానికి పనికొస్తుంది, అంతే. ముద్దగా ఉండే దాన్ని చూసి ఫిడియాస్‌ను అంచనా కట్టకూడదు.

జ్యూస్ కథ ఇంకా పెద్దది. కూర్చున్న విగ్రహమే, తల కప్పుకు తగిలేటంత. లేచి నిలబడితే పైకప్పు ఎగిరిపోతుందని భూగోళవేత్త స్ట్రాబో వేళాకోళమాడాడు. రోమ్ చక్రవర్తి కలిగులా దాన్ని తెప్పించుకుని, తల తీసేసి తన తల పెట్టించాలనుకున్నాడు. మనుషులు వెళ్తే విగ్రహం పెళ్లున నవ్వింది, పరంజాలు కూలాయి, పనివాళ్లు పరుగో పరుగు అని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. చివరకు దాన్ని కాన్‌స్టాంటినోపుల్‌లో లౌసస్ అనే పెద్ద అధికారి భవనానికి చేర్చారని, క్రీ.శ. 475 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయిందని బైజాంటైన్ రచయితలు చెబుతారు.

రెండు చావుల్లో ఏది నిజమో తేల్చే సాక్షి దొరికింది 1950లలో. ఒలింపియాలో జర్మన్ పురావస్తు సంస్థ వాళ్లు పాత క్రైస్తవ చర్చి ఒకదాని కిందా చుట్టూ తవ్వారు. అడుగున ఉన్న కట్టడం జ్యూస్ గుడి గర్భాలయం కొలతలకు దాదాపు సరిపోయింది. విగ్రహాన్ని అక్కడే పూర్తిగా నిలిపి చూసుకుని, విప్పి గుడికి తరలించడానికి కట్టుకున్న కార్ఖానా. పక్కనే పారబోసిన చెత్త: దంతం చెక్కిన పెళ్లలు, ఎముక పనిముట్లు, కంసాలి సుత్తి, వస్త్రపు మడతలకు వాడిన మట్టి అచ్చులు. వాటితోపాటు పనివాళ్లు వాడి పగలగొట్టిన కుండలు. ఆ కుండల తీరును బట్టి కాలం కట్టారు. క్రీ.పూ. 430ల ప్రాంతం. అంటే ఎథీనా ప్రతిష్ఠ తర్వాతే.

ప్లూటార్క్ చెప్పిన జైలు చావు అక్కడ వీగిపోయింది. దంతం పెళ్లలకు పక్షపాతం ఉండదు.

1958లో అక్కడే ఒక పిడి ఉన్న చిన్న నల్లని మట్టి ముంత దొరికింది. అడుగున గీకిన అక్షరాలు: ‘నేను ఫిడియాస్‌ది’. ఒలింపియా మ్యూజియంలో ఉంది. మరీ అంత సరిగ్గా దొరికేసరికి ఇది ఎవరో ఆకతాయి పనేమోనన్న అనుమానం కూడా లేచింది. పరీక్షించినవాళ్లు అక్షరాలు పాతవేనన్నారు. ముంత నకిలీ అని తేలినా కుండపెంకుల కాలం మారదు కాబట్టి వాదనకు ఢోకా లేదు.

ఇక ఫిలోకొరస్ చెప్పిన రెండో సగం: ఎలిస్ వాళ్లు చంపారన్నది. పౌసానియస్ అనే యాత్రికుడు క్రీ.శ. 2వ శతాబ్దంలో ఒలింపియాకు వెళ్లాడు. విగ్రహం ముందు నల్లరాతి పళ్లెం లాంటి గుంటలో ఆలివ్ నూనె నింపి ఉంచడం చూశాడు. చిత్తడి గాలికి దంతం చెడకుండానట. జ్యూస్‌ను తుడిచి మెరుగుపెట్టే మిరాశీ ఫిడియాస్ వంశీకులదేనని, ఎలిస్ వాళ్లే ఆ గౌరవం ఇచ్చారని రాశాడు. వాళ్లు పని మొదలుపెట్టే ముందు చేతిపనుల అధిదేవత అయిన ఎథీనాకు బలి ఇచ్చేవారట. దాదాపు 600 ఏళ్లు గడిచినా ఆ ఇంటి పేరు చెప్పుకుని గుడిలో పని చేస్తున్నారు. దొంగ అని చంపినవాడి సంతతికి ఏ ఊరూ అలాంటి హక్కు రాసివ్వదు. అందుకే పారిపోయాడన్నంత వరకు ఫిలోకొరస్‌ను ఒప్పుకుంటాను, చంపారన్నది మాత్రం ఒప్పుకోను.