గాదెలు, పాతరలు, కోడిమేత

తెలుగునాట కోళ్లను పెంచుట ఎంత ప్రాచీనమో, కోడిమేతను వేరుగా నిల్వచేయుట అంత నవీనము. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామమున కోడిపందెము కనబడుచున్నది. పలనాటి వీరగాథలో ఒక్క పందెపు టోటమివలన మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలసివచ్చెను. పుంజునకు ఇంతటి ప్రతిష్ఠ గల దేశమున, ఆ పుంజులకును, వాటికంటె ఎన్నో రెట్లు అధికముగా ఇంటింటను తిరుగాడిన పెట్టలకును మేత ఎక్కడ దాచిరని అడిగినచో, ఎక్కడను దాచలేదని చెప్పుటయే సరియైన యుత్తరము. దాచినది మనుష్యుల ధాన్యము. దానిని దంచగా, చెరుగగా, జల్లింపగా మిగిలిన నూకలు, తవుడు, చిట్టు, తాలుగింజలు కోడికి దక్కెను. కావున కోడిమేత చరిత్రను తెలిసికొనగోరువాడు మొదట పాతరలలోనికిని, గాదెలలోనికిని తొంగి చూడవలసియున్నది.

రాయలసీమలోను, తెలంగాణమునందలి మెట్టగ్రామములలోను జొన్నలను పాతరలలో నిల్వచేసెడివారు. నీరు ఊరని గట్టినేలను, అందును మిట్టప్రదేశమును ఎన్నుకొని, మూతి ఇరుకుగను కడుపు విశాలముగను ఉండునట్లు గొయ్యి త్రవ్వి, దానిని కొన్నాళ్లు ఆరనిచ్చి, అడుగునను చుట్టును ఎండుగడ్డి దట్టముగా పరచి, కళ్లమున బాగుగా ఎండిన జొన్నలను నింపి, పైన మరల గడ్డి కప్పి, మన్నుపోసి త్రొక్కి, వాననీరు నిలువక జారిపోవునట్లు మిట్టగా తీర్చెడివారు. ఈ పనిలోని శాస్త్రము మిక్కిలి లోతైనది. గింజయు ప్రాణముగలదే, దానిని తొలుచు పురుగును ప్రాణముగలదే, రెండును శ్వాసించును. మూతి బిగిసిన పాతరలో ఉన్న కొలదిపాటి ప్రాణవాయువును ఆ రెండును కలిసి వ్యయపరచి, బొగ్గుపులుసు వాయువును నింపును. అంతట పురుగు తన శ్వాసచేతనే తాను నశించును. భూమి అడుగున పగటియెండయు రాత్రిచలియు అంతగా తాకవు గనుక గింజ వేడెక్కి చెమర్చుటయు అరుదు. ఏ మందును చల్లకయే ఏండ్ల తరబడి జొన్నలు నిలిచిన రహస్యమిదియే. నేడు గాలి చొరని ప్లాస్టిక్ సంచులను క్రొత్త సాధనములుగా అమ్ముచున్నవారు ఈ సూత్రమునే అమ్ముచున్నారు.

పాతరకు దోషములు లేకపోలేదు. తెరచిన వెంటనే అందులోనికి దిగినవాడు ఊపిరాడక ప్రాణము కోల్పోవును. అందుచే మూత తీసి, గాలి ఆడనిచ్చి, దీపమును దించి, అది ఆరక వెలుగుచున్నచో మాత్రమే మనిషి దిగెడివాడు. చిరకాలము పాతరలో ఉన్న గింజకు రంగు మారును, ఒక విధమైన వాసన పట్టును, మొలకెత్తు శక్తి సన్నగిల్లును. విత్తనమును రైతు వేరుగా కుండలలో బూడిదకలిపి దాచుకొనుట అందువలననే. అంచులయందు, అడుగునందు తేమ తగిలిన గింజ నల్లబడి గడ్డకట్టును. మనిషి తినుటకు రోయు అట్టి గింజను పశువులకును కోళ్లకును వేయుట పల్లెలలో పాడి. ఈ అలవాటునుగూర్చి ముందు చెప్పవలసియున్నది గనుక ఇక్కడ విడిచెదను.

కోస్తాలో నేల లోతున నీరు దగ్గర. పాతర అక్కడ సాగదు. అందుచే అక్కడివారు ధాన్యమును నేలపైకి ఎత్తిరి. గడ్డిని పేని చేసిన వెంట్లను చుట్టలుచుట్టలుగా వేయుచు మధ్య వడ్లు పోసి పురులు కట్టిరి. వెదురుతడికలకు పేడయు మన్నును మెత్తి గాదెలు నిలిపిరి. ఎలుకలును, పందికొక్కులును ఎక్కకుండుటకై గాదెను రాళ్లమీద ఎత్తి కట్టుట గలదు. పేడమన్ను గోడకు ఒక గుణమున్నది: అది లోపలి తేమను కొంత పీల్చి బయటికి విడుచును. ముసురుపట్టు శ్రావణ భాద్రపదములలోను, తుపానులు వచ్చు కార్తికములోను ఈ గుణమే ధాన్యమును కాపాడెను. ఇండ్లలో కాగులును, బానలును ఉండెడివి. వాటిలో వేపాకు, వావిలాకు, కానుగాకు ఎండించి వేసెడివారు. కందులకు ఎర్రమన్ను పట్టించెడివారు. తేమ ఎంత ఉన్నదో కొలుచుటకు యంత్రము లేదు. గింజను పంట కొరికినప్పుడు పటుక్కుమనవలెను, వేరుసెనగకాయను ఊపినప్పుడు లోపల గలగలమనవలెను. వడ్లలో తేమ నూటికి 14 వంతులను మించరాదని నేటి శాస్త్రము చెప్పుమాటను ఆ పల్లె వృద్ధురాండ్రు తమ దంతములతో తేల్చెడివారు.

ఇక కోడి. ఇంటి ఇల్లాలు ఏనాటి బియ్యమును ఆనాడో, రెండుమూడు దినములకొకసారియో రోటిలో దంచుకొనుచుండెను. చేటతో చెరుగగా వచ్చిన తవుడును నూకలును అప్పటికప్పుడు వాకిట చల్లుచుండెను. తవుడు నిల్వయుండుట అన్న ప్రసక్తియే లేదు. ఇది యాదృచ్ఛికమే కావచ్చును గాని, దీనికంటె మంచి పద్ధతి నేటికిని లేదు. తవుటిలో నూనెయు, ఆ నూనెను విరుగగొట్టు ఒక కిణ్వమును రెండును కలవు. బియ్యముపై పొరగా ఉన్నంతకాలము అవి వేరువేరు అరలలో ఉండును, దంచినతోడనే కలియును. కొన్ని గంటలలోనే నూనె చెడుట ఆరంభించును. కొన్ని దినములకు తవుడు చేదెక్కి మక్కువాసన కొట్టును. ఉప్పుడు బియ్యపు తవుడు కొంత ఎక్కువకాలము నిలుచుటకు కారణము, వడ్లను ఉడికించునప్పుడే ఆ కిణ్వము చచ్చిపోవుటయే. పొట్టులో ఉన్న గింజ ఏడాది నిలుచును. పిండియైన గింజ నెల నిలుచుట కష్టము. కోడిమేత చరిత్రయంతయు ఈ ఒక్క భేదముపై ఆధారపడియున్నదని నా యభిప్రాయము.

ఈ భేదమును చెరిపివేసినది మిల్లు. ఇరువదవ శతాబ్దారంభమునుండి గోదావరీ కృష్ణా మండలములలో బియ్యపుమిల్లులు వ్యాపింపగా, తవుడు ఇంటి వస్తువు కాక బజారు వస్తువాయెను. గోనెలకెక్కి, దినములు, వారములు నిలిచి, పిమ్మట కోడికి చేరెను. శతాబ్దపు రెండవ సగములో కోళ్లఫారములు లేచెను. 1971లో బండా వాసుదేవరావుగారు వేంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాత, 1982లో గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడిన తరువాత, కోళ్ల పెంపకము వాకిలి విడిచి పరిశ్రమయై, మొక్కజొన్న, నూనెతీసిన తవుడు, చెక్క, సోయాపిండి కలిపి ఆడించిన దాణా టన్నులకొలది గోదాములకెక్కెను. గోనెసంచి కుట్లలో ముక్కుపురుగును, పిండిపురుగును కాపురముండెను. రేకులకప్పు గోదాములలో పగలు కాగిన దాణానుండి లేచిన ఆవిరి రాత్రి చల్లబడిన రేకుక్రింద నీటిబొట్లై మరల దాణామీదనే రాలెను. పేడమన్ను గోడ చేసిన పనిని రేకు చేయలేదు.

వాకిటి కోడికి పురుగు శత్రువు కాదు. పుచ్చుగింజతోపాటు పురుగును తిని అది మరింత బలిసెను. కోడికి నిజమైన శత్రువు బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియని వ్యాధితో చనిపోగా, వాటి మేతలో కలిపిన బ్రెజిల్ దేశపు వేరుసెనగచెక్కలో ఒక బూజు విడిచిన విషమే హేతువని తేలెను. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరిడిరి. అది కాలేయమును చెరుచును. ఎండబెట్టినచో బూజు పోవును గాని విషము పోదు. మామూలు వంటవేడికిని అది లొంగదు. వేరుసెనగ విరివిగా పండు మన సీమకు ఈ వార్త పరాయిది కాదు: 1980 తరువాతి దశకములో చిత్తూరు, రంగారెడ్డి జిల్లాల ఫారములలోను ఈ విషమువలన నష్టము వాటిల్లెను. మనిషి రోసిన గింజను కోడికి వేయు పూర్వపు అలవాటు ఇక్కడ ప్రాణాంతకమైనది. పెరటికోడి నాలుగు గింజలు పొడిచి, నచ్చనిది విడిచి, పెంటకుప్పను కెలికి బ్రతికెను; బోనులోని కోడికి ఎన్నుకొను స్వేచ్ఛ లేదు.

ధాన్యరక్షణమును శాస్త్రముగా నేర్పుటకు ప్రభుత్వమువారు హాపూరులో ధాన్యనిల్వ సంస్థను స్థాపించి, దాని శాఖను మన బాపట్లలో నెలకొల్పిరి. మట్టియిటుకల నడుమ పాలిథీను పొరనుంచి కట్టు పూసా గాదె, ఇనుపరేకుతో చేసిన హాపూరు గాదె ఆ కాలపు ప్రచారమువలన పల్లెలు చేరెను. పూసా గాదెను చూచినప్పుడెల్ల మన మట్టిగాదెయు మన పాతరయు ఒక్కటై మరల పుట్టినట్లు నాకు తోచును. అయినను ఇవి అన్నియు గింజకొరకు ఏర్పడినవే. పిండిని చిరకాలము కాపాడుటకు వీటిలో ఒక్కటియు ఏర్పడలేదు.

నాటుకోళ్ల పెంపకమును మరల చేపట్టుచున్న నేటి యువకులు నెలల దాణాను ఒక్కసారిగా కొని రేకులకొట్టములో పేర్చుట మానవలెను. గింజను గింజగానే కొని, కొరికి చూచి, ఎండించి, మూత బిగియు పాత్రలో గోడకు జానెడు దూరముగా, నేలకు ఎత్తుగా ఉంచి, వారమునకు సరిపడునంత మాత్రమే ఆడించుకొనవలెను. వానకాలమున అదియు తగ్గించుకొనవలెను. బూజు తగిలిన గింజను మాత్రము కోడికి వేయక పాతిపెట్టుడు.