పేరు పెట్టి అడిగిన కుక్క

క్రీ.శ. 949లో తక్కోలం దగ్గర చోళులకూ రాష్ట్రకూటులకూ ఘోరమైన యుద్ధం జరిగింది. రేణిగుంట నుంచి పుత్తూరు, తిరుత్తణి మీదుగా రైల్లో పోయేవాళ్లకు అరక్కోణం తెలుసు కదా, తక్కోలం ఆ చుట్టుపక్కలదే. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీద ఉండగానే కూలిపోయాడు. రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడి కొలువులో మణలేరుడనే వీరుడు ఒకడున్నాడు. అతని సాహసానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నారు. అతను మడులూ మాన్యాలూ అడగలేదు. ‘కాళి’ అనే వేటకుక్కను ఇప్పించమన్నాడు. తర్వాత ఆ కుక్క ఓ పెద్ద అడవిపంది మీదికి ఉరికింది. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. మణలేరుడు కర్ణాటకలోని ఆతకూరులో, గుడి ముందర, దానికో రాయి నిలబెట్టి ఆ రాయి పేర పొలం ఇచ్చాడు. రాయికి పూజ చేయకుండా పూజారి అన్నం ముట్టకూడదని కట్టడి కూడా పెట్టాడు. కుక్కా పందీ కలబడుతున్న బొమ్మతో ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

చరిత్రకారులు ఈ శాసనాన్ని యుద్ధం కోసం చదువుతారు. కుక్క కోసం చదివినా అందులో చాలా ఉంది. కళ్లు తెరవని కూనను ఎవరూ పేరు పెట్టి అడగరు. మణలేరుడు అడిగింది ఇంకొకరి చేతికింద పెరిగి, పనితనం చూపించి, పేరు తెచ్చుకున్న కుక్కను. ఇవాళ శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉద్యోగులుండే సూళ్లూరుపేటలాంటి ఊళ్లో, ఎదిగిన కుక్కను తెచ్చుకోవడం కొత్త సమస్యలా కనిపిస్తోంది. బదిలీ అయిన కుటుంబమో, రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తున్న కుటుంబమో ఐదేళ్ల కుక్కను ఎవరికైనా ఇవ్వాలనుకుంటుంది. తీసుకోవాలనుకునే ఇంట్లో మే నెలకు ఊటీకో కాశీకో టికెట్లు అప్పటికే తీసేసి ఉంటారు. చర్చంతా కుక్క వయసు మీద నడుస్తుంది, టికెట్ల సంగతి ఎవరికో చివర్లో గుర్తొస్తుంది. పాత సంగతులు తిరగేస్తే ఈ వరస తలకిందులని తెలుస్తుంది. ఎదిగిన కుక్క చేతులు మారడం ఈ దక్షిణ దేశంలో వెయ్యేళ్ల నాటి మాట. కొత్తగా వచ్చింది ఇంటికి తాళం వేసి అందరూ ఒక్కసారే వెళ్లిపోయే ప్రయాణం.

ఒకప్పటి ప్రయాణాలు చూడండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరి, తిరుపతి మీదుగా పైకి వెళ్లి, పదిహేను నెలలు దాటాక తిరిగొచ్చాడు. ఇంటివాళ్లూ బోయీలూ పరిచారకులూ కలిసి వెంట వందమంది దాకా ఉన్నారు. అంత దండు కదలడం మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన మనిషికి సాధ్యమైంది గానీ, మామూలు రైతు కుటుంబం మొత్తంగా ఊరు విడవడం అరుదు. తిరుపతి మొక్కుకు కొందరు వెళ్తే పాడి చూసుకోవడానికి కొందరు ఉండిపోయేవాళ్లు. వేసవిలో పిల్లలు అమ్మమ్మగారింటికి పోతే నాన్న, నాయనమ్మ ఇంట్లోనే. గేదెకు కుడితి కలిపే చెయ్యి ఒకటి ఇంట్లో ఉన్నంతకాలం కుక్కకు ముద్ద పడుతూనే ఉండేది. పెరట్లో ఒక పగిలిన కుండపెంకు, అందులో గంజో, రాత్రి మిగిలిన అన్నమో, మజ్జిగ చెంబు కడిగిన నీళ్లో; అదీ కుక్క జీతం. ఎవరి కుక్క అని అడిగితే ఒక పేరు చెప్పేవాళ్లు గానీ దాన్ని మేపేవి మూడు నాలుగు గడపలు. అందుకే ఒక ఇల్లు చితికిపోయినా, ఇంటి పెద్ద కాలం చేసినా కుక్క పక్క గడపకు మారిపోయేది. ఆ మార్పుకు ఒక పేరు పెట్టాలని కూడా మనవాళ్లకు తోచలేదు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఈ ఏర్పాటులో యానాది తెగవాళ్లకు పెద్ద పాత్ర ఉంది. శ్రీహరికోట దీవి 1835లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. మద్రాసు పొయ్యిలకు కట్టెలు కావాలి, ఆ అడవిలో తిరగడం తెలిసినవాళ్లు యానాదులే. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో వాళ్లమీద పెద్ద అధ్యాయమే ఉంది. నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య వాళ్లకోసం సంఘం పెట్టి పనిచేసి, వాళ్లమీద పుస్తకం కూడా రాశారు. పందికొక్కుల్ని బొరియల్లోంచి లాగడంలో, చేపలు పట్టడంలో, పొలాలకూ ఊళ్లకూ కావలి కాయడంలో వాళ్ల నేర్పు ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. కావలికి వెళ్లే యానాది వెనక కుక్క నడిచేది. ఆసామి ఊళ్లో లేకపోయినా కావలివాడున్నాడు, కాబట్టి కుక్కకూ దిక్కుంది. ఈ కావలి వెనకాల ఎంత వెట్టి, ఎంత పేదరికం ఉన్నాయో మరిచిపోయి ఆ రోజులు బంగారమంటే అది అబద్ధం. కుక్క బతుకూ అంతే. తన్నులు తినేది, జబ్బు చేస్తే అలాగే చచ్చేది. అప్పటివాళ్లకు దయ ఎక్కువని నా వాదన కాదు. కుక్క భారం ఒకే ఇంటి మీద పడేది కాదు, అంతే.

సాహిత్యం ఏమంటోంది? సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ దాకా ఉన్న జిల్లా నెల్లూరు; తిక్కన ఆ నెల్లూరు కవి. నన్నయ మొదలుపెట్టిన భారతం ఆరంభంలోనే సరమ అనే దేవలోకపు కుక్క తన పిల్లను కారణం లేకుండా కొట్టారని జనమేజయుడిని నిలదీస్తుంది. తిక్కన పూర్తి చేసిన భాగంలో, మహాప్రస్థానానికి బయల్దేరిన పాండవుల వెంట ఎవరిదో తెలియని కుక్క నడిచి వస్తుంది. దాన్ని వదిలేసి స్వర్గానికి రమ్మంటే ధర్మరాజు ఒప్పుకోడు. దాన్ని కూననాటి నుంచి పెంచలేదాయన, పేరైనా పెట్టలేదు. వెంట నమ్మి వచ్చింది, అదొక్కటే దాని హక్కు. కుక్క విషయంలో మనిషికి పరీక్ష ప్రయాణంలోనే ఎదురవుతుందని ఈ కథకు తెలుసు. నిజమే, దీనికి ఎదురుగా సుమతీ శతకం ఉంది. బంగారు గద్దె మీద కూర్చోబెట్టినా కుక్క పాత గుణం మానదన్న పోలిక బడిపిల్లలందరికీ వచ్చు. కానీ శతకకారుడు తిట్టింది మనుషుల్ని. కుక్క అక్కడ ఉపమానానికి పిలిస్తే వచ్చింది.

మరి ఎదిగిన కుక్కంటే భయం ఎప్పుడు పట్టుకుంది? చాలా మటుకు పిచ్చికుక్క కాటుతోనే. మద్రాసు రాష్ట్రంలో కాటు పడిన మనిషి వైద్యానికి కొండెక్కాల్సి వచ్చేది. నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ సంస్థ 1907లో మొదలైంది. తర్వాత రేబిస్‌కు సెంపుల్ టీకా వచ్చింది, దాంతోపాటు మన భాషలోకి ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు’ అన్న మాటా వచ్చింది. ఆ టీకా తయారీ దేశంలో 2005 నాటికి ఆగిపోయింది గానీ ఆ మాట మాత్రం ఇంకా పోలేదు. ఎక్కడ తిరిగిందో, ఎవర్ని కరిచిందో తెలియని పెద్ద కుక్క కంటే కళ్లముందు పెరిగే కూన నయమన్న లెక్క ఇలా కుదిరింది. ఆ రోజుల్లో అది తప్పు లెక్కా కాదు. ఇప్పుడు ఏటా టీకా వేయించిన చీటీ చేతికిచ్చి మరీ అప్పగించే కుక్క విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. టీకాలు ఇంకా పూర్తికాని కూనే జాగ్రత్తగా చూసుకోవాల్సింది.

శ్రీహరికోట సంగతికి వద్దాం. 1969లో అక్కడ రాకెట్ కేంద్రం పెట్టాలని నిర్ణయించారు, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. మధ్యలో దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. మనుషులు బయటికి వచ్చారు. వదిలేసిన పశువులు అడవిలో కలిసిపోయి అడవి పశువులుగానే పెరిగాయి. ఇల్లు కదిలినప్పుడు జంతువు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. తర్వాత సూళ్లూరుపేటలో కాలనీలు లేచాయి. దేశం నలుమూలల నుంచి ఉద్యోగులొచ్చారు, వాళ్ల వెంట ప్రహరీలు, గేట్లు, జాతి కుక్కలు, సెలవులకు సొంత రాష్ట్రం వెళ్లే అలవాటు వచ్చాయి. పగలూ రాత్రీ తలుపు మూయని చెంగాళమ్మ గుడి ఉన్న ఊళ్లో ఇళ్లకు నెల తరబడి తాళాలు పడటం మొదలైంది. గేటు లోపలి కుక్కకు పక్క గడప లేదు. మునుపు నాలుగిళ్లు పంచుకున్న పని ఒక్క ఇంటి నెత్తిన పడింది. ఆ ఇల్లు పదిహేను రోజులు ఊళ్లో లేకపోతే ఆ పని చేసేవాళ్లెవరూ ఉండరు.

ఎదిగిన కుక్కను తీసుకోండి, ప్రయాణం సంగతి ముందు చూసుకోండి అంటే అభ్యంతరాలు చాలానే వస్తాయి. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది మొదటిది. కుక్క విషయంలో ఈ సామెత సగమే నిజం. ఎదిగిన కుక్క గుణం మారడం కష్టమే, కానీ ఆ గుణమేమిటో తీసుకునే ముందే కనిపిస్తుంది. పిల్లల్ని చూసి గుర్రుమంటుందో లేదో, గొలుసు పట్టుకుంటే లాగుతుందో లేదో ఒక సాయంత్రం చూస్తే తెలిసిపోతుంది. కూనలో అదేదీ కనబడదు. మణలేరుడు పేరు పెట్టి అడగడంలో కిటుకు అదే. రెండో అభ్యంతరం కొంచెం గట్టిది: వెళ్లిన పది రోజులూ వీధిలో వదిలేస్తే బతకదా, మన తాతల కుక్కలు అలా బతకలేదా అని. తాతల కుక్క ఆ వీధి కుక్కే. ఈ కుక్క ఇంకో ఊరి కాలనీలో సోఫా పక్కన పడుకున్నది. మన వీధి చివర ఉన్న నాలుగు కుక్కలకు అది పరాయిది. మొదటి రాత్రే దాని చెవి చిరుగుతుంది.

డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట్లు తిరుపతిలోనూ చెన్నైలోనూ ఉన్నాయి కదా అంటారు. మనం తిరిగొస్తామని తెలిసిన కుక్కకు అవి సరిపోతాయి. కొత్తగా వచ్చిన కుక్కను గమనించండి: తొలి రోజుల్లో గేటు వైపు మూతి పెట్టి కూర్చుంటుంది, గిన్నెలో అన్నం ఎండిపోతుంది, పాత ఇంటి నుంచి వచ్చిన గుడ్డ ఏదైనా ఉంటే దాని మీదే పడుకుంటుంది. కుక్కల్ని పెంపకానికి ఇచ్చేవాళ్లు చెప్పే లెక్క ఒకటుంది; బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు పట్టుబడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. ఏప్రిల్ మొదట్లో తెచ్చి నెలాఖరున ప్రయాణం కట్టామనుకోండి. ఒక యజమానిని పోగొట్టుకున్న కుక్క, అప్పుడప్పుడే గిన్నె దగ్గరికి వస్తున్న వేళకు రెండోసారి పోగొట్టుకుంటుంది. మనకది విహారం, దానికి మళ్లీ క్వార్టర్ ఖాళీ చేయడమే. వెంట తీసుకుపోదామంటే రైల్వే నియమాలు అడ్డొస్తాయి: స్లీపర్లో, త్రీటైర్లో కుక్కకు చోటు లేదు, ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మనదై ఉండాలి, లేకపోతే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో వేయాలి. మే నెల ఎండలో, పరాయి కుక్క, ఆ ఇనప గూట్లో. తిరుమల ప్రయాణమైతే అసలు మాటే అక్కర్లేదు.

ఇంతకాలం దిక్కులేని కుక్కను సాకే పని వీధి చేసింది, ఇకపై వీధి చేయదని చట్టమూ అంటోంది. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, వీధికుక్కను పెంపకానికి తీసుకోదలచినవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని ఉంది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. యాభై రూపాయలకు భయపడి ఎవరూ ప్రయాణం మానుకోరు, కాబట్టి ఆ చట్టాన్ని నమ్ముకుని లాభం లేదు. కుక్క పెద్దదని వెనకాడకండి. ఇచ్చే కుటుంబాన్ని జూన్ దాకా ఆగమని అడగండి. బడులు తెరిచి, మీ పెట్టెలు అటక మీదికి ఎక్కాక వెళ్లి తెచ్చుకోండి. వాళ్లు అంతదాకా ఆగలేమంటే, టికెట్లు రద్దు చేసుకోగలిగితేనే గొలుసు చేతికి తీసుకోండి.