మూసీ ఒడ్డున జపాను పట్టు

పుస్తకములకై హైదరాబాదు పోవు గ్రామీణులకు అఫ్జల్‌గంజి క్రొత్త కాదు. 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయము, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, అచ్చటనే మూసీ ఉత్తరపుటొడ్డున నున్నది. అటనుండి నయాపూలు మీదుగా నది దాటినచో సాలార్‌జంగ్ మ్యూజియము చేరవచ్చును. బొమ్మ వచ్చి గంట కొట్టు గడియారమును, మేలిముసుగు వేసికొన్న పాలరాతి రెబెక్కాను చూచి తృప్తిపడి మరలువారు పెక్కుమంది. జపాను వస్తువులున్న భాగమునకు పోయి నిలిచి చూచిననే గాని ఆ మ్యూజియమును చూచినట్లు కాదు.

ఈ వస్తువులను కూర్చినవారు మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949). 1912లో నిజాము దివానుగా నియుక్తులై, రెండేండ్లకే పదవి విడిచి, శేషజీవితమును సేకరణకే ధారపోసిరి.

జపాను పనితనము లోకపు అంగడికెక్కుటకు వెనుక ఒక కష్టకథ కలదు. 1868లో చక్రవర్తి పాలన మరల నెలకొనిన పిదప ప్రభువుల సంస్థానములు పోయినవి; వారి కొలువులో బ్రదికిన పనివారి పోషణయు పోయినది. 1876లో కత్తి ధరించుట నిషేధింపబడెను. కత్తిపిడులకు నగిషీ చెక్కినవారు పూలకుండలు, ధూపపాత్రలు చేయ మొదలిడిరి. 1873లో వియన్నా ప్రదర్శనమున ఐరోపావారు జపాను వస్తువులను చూచి మెచ్చి కొనిరి. అట్లు అన్నము దొరకినది, విద్య నిలిచినది.

జపాను పట్టు బుటాపనిలో ముఖ్యముగా పేనని పట్టుపోగు వాడుదురు. పోగు పేనకుండుటచే వెలుతురు దానిమీద విరుగక సాఫీగా జారును. కుట్టు వాలు మారినంతనే ఒకే రంగు రెండు రంగులవలె తోచును. నెమలి ఈకకైనను నీటి అలకైనను ఆ నిగారింపు వచ్చుట రంగువలన కంటె సూది నడకవలననే యెక్కువ. లక్కవలె మెరయు పెట్టెల సంగతి మరియు వింత. ఒకజాతి చెట్టు పాలను పలుచగా పూసి, ఆరనిచ్చి, రుద్ది, మరల మరల పూయుదురు. ముసురు పట్టిన రంగు ఆరదని మన వడ్రంగులు విసుగుకొందురు గదా. ఆ పాలు వెచ్చని తేమగాలిలోనే గట్టిపడును! ఇంత ఓపికతో కుట్టిన, పూసిన చేతులలో పెక్కింటి పేర్లు మనకు దక్కలేదు. కొన్నవారి పేరు మాత్రము భవనమునకు నిలిచినది.

సాలార్‌జంగ్ అవివాహితులుగా 1949లో గతించుటతో ఈ సంపద వేర్వేరు భవనములలో చెల్లాచెదరుగా నుండిపోయెను. పంపకములకు లోనైన సొత్తు గతి యేమగునో కరణములకు చెప్పనక్కరలేదు. దీని నొకచోట అమర్చు భారము జేమ్స్ కజిన్స్‌పై పడినది. ఆయన ఐర్లండువారు, మదనపల్లె కళాశాలాధ్యక్షులు. 1919లో రవీంద్రులు ఆ ఊరికి వచ్చినపుడు అచ్చట నుండినవారు. ఆ యేడే జపాను పోయి టోకియోలోని కెయో విశ్వవిద్యాలయమున బోధించి వచ్చిరి. జపాను పనితనమును దాని పుట్టినింట చూచినవాని చేతికే పని చిక్కుట మన భాగ్యము.

1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియమును ప్రారంభించిరి. 1959లో ఉన్నత న్యాయస్థానపు డిక్రీ ననుసరించి వారసుల రాజీతో వస్తువులు భారత ప్రభుత్వమునకు చెందెను. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా శాసించెను. కజిన్స్ 1956లోనే మదనపల్లెలో కన్నుమూసిరి. 1968లో వస్తువులు దేవిడీని విడిచి నది యొడ్డునగల నేటి భవనమునకు తరలినపుడు, ఆ పట్టుబట్టలు, పెట్టెలు కూడ వానితో వచ్చినవి.