ట్రాక్ గొంతు నుంచి కృత్రిమ గొంతు దాకా

తెలుగు సినిమా పాటల రికార్డింగులో ట్రాక్ పాడించడం పాత అలవాటే. పేరున్న గాయకుడికి తీరిక లేనప్పుడు ముందు మరొకరితో పాట పాడించి, ఆ గొంతు మీదే షూటింగ్ కానిచ్చేవారు. అసలు గాయకుడు ఆ తర్వాత స్టూడియోకు వచ్చి, హెడ్‌ఫోన్లో ట్రాక్ వింటూ గమకాలతో సహా తన గొంతులో పాడి వెళ్లేవాడు. ట్రాక్ చెరిగిపోయేది. పాడినవారికి దక్కేది ఆ పూట కూలి. క్యాసెట్ అట్ట మీద పేరు ఉండేది కాదు.

ఘంటసాల తరానికి ఈ సౌలభ్యం లేదు. గాయకులు, వాద్యబృందం ఒకే హాల్లో కలిసి పాడి వాయించాల్సి వచ్చేది. ఒక్క వయొలిన్ తప్పు వాయించినా పాటంతా మళ్లీ మొదటికి వచ్చేది. మల్టీట్రాక్ టేపు వచ్చాక గొంతునూ వాద్యాలనూ విడివిడిగా రికార్డు చేయడం కుదిరింది. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాలను, కంప్యూటర్లను కలిపే మిడి ప్రమాణం వచ్చింది. 1986 నాటి తమిళ సినిమా ‘పున్నగై మన్నన్’లో ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. 1992లో ‘రోజా’ తర్వాత కీబోర్డు, కంప్యూటర్ల జోరు పెరిగి, మద్రాసు స్టూడియోల్లో తీగవాద్య బృందాలకు పని తగ్గింది. అప్పట్లో యంత్రం లాక్కున్నది వాయిద్యకారుల పనిని. గాయకుల జోలికి రాలేదు.

వారి వంతు కృత్రిమ మేధతో వచ్చింది. ఒక గాయకుడి పాత పాటల నుంచి గొంతును విడదీసి, ఆ నాదపు తీరును మోడల్‌కు నేర్పిస్తారు. తర్వాత ఎవరో ఒకరు పాట పాడితే, రాగం, ఊపిరి, ఉచ్చారణ వారివే ఉంచి మోడల్ గొంతును మాత్రం మారుస్తుంది. చూడబోతే ఇది పాత ట్రాక్ పద్ధతే. కాకపోతే అసలు గాయకుడు స్టూడియోకు రానక్కరలేదు, బతికి ఉండనక్కరా లేదు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న మరణించారు. 2023 నవంబరులో విడుదలైన ‘కీడా కోలా’లో ఆయన గొంతును ఇలా పునఃసృష్టించారు. అనుమతి అడగలేదంటూ 2024 ఆరంభంలో కుమారుడు ఎస్.పి. చరణ్ చిత్ర నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లీగల్ నోటీసు పంపారు. దాదాపు అదే సమయంలో ‘లాల్ సలాం’ కోసం ఎ.ఆర్. రెహమాన్ దివంగత గాయకులు షాహుల్ హమీద్, బంబా బాక్యా గొంతులను వాడారు. కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. రెండు చోట్లా పద్ధతి ఒక్కటే, తేడా అంతా అడగడంలో ఉంది.

కాపీరైట్ చట్టంలో గాయకుడి గానానికి రక్షణ 1994 సవరణతో, రాయల్టీ హక్కు 2012 సవరణతో వచ్చాయి. అవి పాడిన పాటకు సంబంధించినవి. పాడని పాటలో వినిపించే గొంతు గురించి అక్కడ ఏమీ లేదు. ఆ ఖాళీని కోర్టులు, తన పేరు, రూపం, గొంతు మీద మనిషికి ఉండే వ్యక్తిత్వ హక్కులతో పూడుస్తున్నాయి. 2024 జులైలో అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే సాధనాలపై బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025లో ఆశా భోస్లేకూ అలాంటి రక్షణే కల్పించింది.

ఈ వ్యాజ్యాలన్నీ పేరున్న గొంతుల చుట్టూనే నడిచాయి. కింద ట్రాక్ పాడినవారి గానం కూడా చట్టం మాట ప్రకారం ప్రదర్శనే, పైన ఎవరి గొంతు అతికించినా. ఆ లెక్కన రాయల్టీలో వారికీ వాటా రావాలి.