కూర్పు కథ: మూవియోలా నుండి బల్లమీది కంప్యూటరు దాకా



తెలుగు చిత్రముల ఆరంభములో వచ్చు పేర్ల వరుసలో "కూర్పు" అను మాటను మీరు చూచియే యుందురు. ఎడిటింగనగానే పలువురికి కత్తెర గుర్తుకు వచ్చును. మన మాట మాత్రము తీసివేయుటను గాక చేర్చుటను చెప్పును. పూలు ఏరుట ఎంత ముఖ్యమో, దండలో వరుస కుదుర్చుట అంతకంటె ముఖ్యము గదా!

మనుమల ఆటపాటలనో, ఊరి అవధాన సభనో ఇంటి కంప్యూటరులో కూర్చుకొనదలచిన ఔత్సాహికునకు మొదట కలుగు సందేహము, తక్కువ ఖర్చులో ఏ సాఫ్టువేరు తీసుకొనవలెనని. దీనికి సమాధానము ధరల పట్టికలో కంటె చరిత్రలో బాగుగా దొరకునని నా అభిప్రాయము.

1924లో అమెరికాలో ఐవన్ సెరూరియర్ మూవియోలా యంత్రమును చిత్రశాలలకు అందించెను. 35 మి.మీ. ఫిల్ములో అడుగునకు 16 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మల చొప్పున ఒక్క సెకను దృశ్యము అడుగున్నర పొడవు. కూర్పరి వానిని కంటితో చూచి, చేతితో కోసి, అతికించెడివాడు. మద్రాసు స్టూడియోలలో మన చిత్రములును ఆ యంత్రము మీదనే రూపుదిద్దుకొనినవి.

1956లో ఆంపెక్సు సంస్థ వీడియో టేపు యంత్రమును తెచ్చినది. చిక్కేమనగా, టేపు మీద బొమ్మ కంటికి కనబడదు. తొలినాళ్ళలో ఇనుపరజను కలిపిన ద్రవమును టేపునకు పూసి, తేలిన గీతలను సూక్ష్మదర్శినిలో చూచి కోసెడివారు! తరువాత కోత మాని, ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు నకలు తీయుట మొదలైనది. వి.సి.ఆర్.ల కాలమున ఇండ్లలోను ఇదే పద్ధతి. నకలుకు నకలు తీసినకొలది రంగు వెలిసి, అంచులు చెదరెడివి. తాళపత్ర ప్రతులతో పరిచయమున్నవారికి ఇది వింత కాదు. ప్రతి లేఖకుని చేతిలోను ఏదో ఒక అక్షరము జారిపోవుచునే యుండును.

ఈ బాధ తీర్చుటకు కంప్యూటరు వచ్చినది. సి.బి.ఎస్., మెమొరెక్సు సంస్థలు కలసి స్థాపించిన సి.ఎం.ఎక్స్. సంస్థ 1971లో "సి.ఎం.ఎక్స్. 600" అను యంత్రమును చూపినది. వరుసతో నిమిత్తము లేకుండ ఏ దృశ్యమునైనను తెరపైకి పిలువవచ్చును. నలుపు తెలుపు బొమ్మలే. ధర మాత్రము సుమారు 2,50,000 డాలర్లు. అయితే ఆ సంస్థ లోకమునకు మిగిల్చిన అసలు ఆస్తి యంత్రము కాదు, ఒక పట్టిక. ఏ టేపులో ఏ క్షణమున మొదలుపెట్టి ఏ క్షణమున ముగించవలెనో అంకెలలో వ్రాసిన సాదా పాఠ్యము. ఆ యంత్రములు మూలబడినవి, ఆ సంస్థయు లేదు, కాని "సి.ఎం.ఎక్స్. 3600" పద్ధతిలో వ్రాసిన పట్టికను నేటి డావిన్సి రిజాల్వు సైతము చదువగలదు. ఈ మాట గుర్తుంచుకొందము.

అటుపై ధరలు వేగముగా దిగినవి. 1989లో ఎవిడ్ వచ్చినది. 1991లో అడోబీ ప్రీమియర్ వచ్చినది. దానిని రూపొందించిన ర్యాండీ ఉబిలోసే తరువాత ఫైనల్ కట్ ప్రోకు పునాది వేసెను. 1995లో డి.వి. కెమెరాలును, ఫైర్‌వైరు తీగయు రాగా, టేపులోని అంకెలు నష్టము లేకుండ కంప్యూటరులోనికి చేరినవి. గంట నిడివి దృశ్యమునకు సుమారు 13 గిగాబైట్లు. 1999లో ఆపిల్ సంస్థ ఫైనల్ కట్ ప్రోను 999 డాలర్లకు అమ్మినది. అదే యేడు ఐమూవీని కంప్యూటరుతో పాటు ఊరకనే ఇచ్చినది. 2000లో విండోస్ మీతో మూవీ మేకర్ వచ్చినది. రెండున్నర లక్షల డాలర్ల పని మూడు దశాబ్దములలో ఉచితమైనది!

ఇచ్చిన చేయి తీసుకొనుటయు ఎరుగును. 2011లో ఫైనల్ కట్ ప్రో ఎక్స్ 299 డాలర్లకే వచ్చినది గాని, పాత ఫైనల్ కట్‌లో చేసిన కూర్పులను అది తెరువలేకపోయినది. 2013లో అడోబీ ఇకపై కొత్తవి చందా మీదనే యని ప్రకటించినది. సొంత యిల్లు అద్దె యిల్లయినది. 2017 జనవరిలో మైక్రోసాఫ్టు మూవీ మేకర్‌ను ఉపసంహరించినది.

మరొక దారియు తెరచుకొన్నది. ఒకప్పుడు లక్షల డాలర్ల సరంజామాతో పెద్ద స్టూడియోలకే పరిమితమైన డావిన్సి రిజాల్వును 2009లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ కొని, 2011లో ఉచిత ప్రతిని విడుదల చేసినది. ఇది శక్తిమంతమే, కాని మంచి గ్రాఫిక్సు కార్డును కోరును. స్వేచ్ఛా సాఫ్టువేరు పక్షమున 2002లో జేసన్ వుడ్ మొదలుపెట్టిన కెడెన్‌లైవ్, 2008లో జొనాథన్ థామస్ ఆరంభించిన ఓపెన్‌షాట్, డాన్ డెన్నెడీ తీర్చిదిద్దిన షాట్‌కట్ ఉన్నవి.

కనుక సాఫ్టువేరును మూడు పరీక్షలకు నిలుపవలెను.

మొదటిది, మీ కంప్యూటరు దానిని మోయగలదా? పాత యంత్రమైనచో, బరువైన దృశ్యములకు బదులు తేలికైన ప్రాక్సీ ప్రతులతో పని జరిపించు కెడెన్‌లైవ్ వంటివి మేలు.

రెండవది, తెలుగు వ్రాయగలదా? శీర్షిక పెట్టుచోట నచ్చిన ఖతిలో "స్త్రీ", "రాష్ట్రము", "జ్యోత్స్న" అని వ్రాసి చూడుడు. వత్తులు విడిపోయినచో, ఎన్ని హంగులున్నను అది మనకు పనికిరాదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. రేపు ఆ సాఫ్టువేరు లేకపోయినచో మీకు మిగులునది ఏమి? కెడెన్‌లైవ్, షాట్‌కట్ తమ కూర్పును సాదా పాఠ్యముగనే దాచుకొనును. ఏ పాఠ్య సాధనముతో తెరచినను ఏ దృశ్యము ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో చదువుకొనవచ్చును. సి.ఎం.ఎక్స్. పట్టిక నేర్పిన పాఠమే ఇది. ఏ సాధనము వాడినను, కెమెరా తీసిన మూల దృశ్యములను, ముగించిన చిత్రపు మేలిప్రతిని వేర్వేరు చోట్ల భద్రపరచవలెను.

పైకము ఒకసారి పోవును. తాతగారి గొంతు వినిపించు దృశ్యము పోయినచో తిరిగి రాదు. చవుకయనగా తక్కువ ధరకు వచ్చుట మాత్రమే కాదు, మన కూర్పు మన చేతిలోనే నిలుచుట.

స్వస్తి.