హాస్య మిస్టరీ చిత్రాలు

హత్య, వారసత్వం, దయ్యం భయం చుట్టూ తిరుగుతూనే ప్రేక్షకుణ్ణి నవ్వించే అపరాధ పరిశోధన చిత్రాలివి. హాలీవుడ్‌లో 1920ల నుంచి 1940ల దాకా వెలిగాయి.

వీటి పుట్టిల్లు న్యూయార్క్ నాటకరంగం. మేరీ రాబర్ట్స్ రైన్‌హార్ట్, ఎవరీ హాప్‌వుడ్ కలిసి రాసిన ‘ది బ్యాట్’ (1920), జాన్ విల్లర్డ్ రాసిన ‘ది క్యాట్ అండ్ ది కెనరీ’ (1922) బ్రాడ్‌వేలో బాగా ఆడాయి. పాత బంగళా, అర్ధరాత్రి చదివే వీలునామా, గోడలో దాగిన తలుపు, హడలిపోయే పనిమనిషి వంటి సరంజామా సినిమాకు అందింది ఇలాంటి నాటకాల నుంచే.

జర్మనీ నుంచి వచ్చిన పాల్ లెనీ రెండో నాటకాన్ని 1927లో యూనివర్సల్ సంస్థకు మూకీగా తీశాడు. పొడవాటి నడవాలో గాలికి లేచే తెరలతో ఒళ్లు జలదరింపజేసి, అంతలోనే పిరికి కథానాయకుడితో నవ్వించాడు. ఆకర్షణంతా ఆ పాళ్లలోనే ఉంది. భయం పలచనైతే ప్రహసనం మిగులుతుంది, నవ్వు తగ్గితే మామూలు హత్యకథ. ఆ పాళ్లు అందరికన్నా బాగా కుదిరింది దర్శకుడు జేమ్స్ వేల్‌కు. ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ (1932)లో తుపాను రాత్రి చిక్కుకుపోయిన ప్రయాణికులకు ఇంటాయన ఉడికించిన బంగాళాదుంపలు అందించే తీరులోనే వణుకూ నవ్వూ కలిసి వస్తాయి. 1934లో ‘ది థిన్ మ్యాన్’ ఆ సరదాను బంగళా నుంచి భార్యాభర్తల మాటల్లోకి తెచ్చింది. 1947 నాటికి ఆ వరుసలో ఆరు చిత్రాలొచ్చాయి.

టాకీలొచ్చాక పాత రీళ్లకు విలువ పోయింది. వాటికి వాడిన నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకుంటుంది, కాలక్రమాన పొడి అవుతుంది. యూనివర్సల్ తన దగ్గర మిగిలిన మూకీ నెగటివ్‌లలో చాలావాటిని 1948లో స్వయంగా నాశనం చేయించింది.

నిలిచినవాటిలో కొన్ని అభిమానుల చలవ. చలనచిత్ర చరిత్రకారుడు విలియం కె. ఎవర్సన్ ప్రింట్లు సేకరించి, న్యూయార్క్‌లో ఆసక్తి ఉన్నవాళ్లకు ప్రదర్శించేవాడు, 1972లో డిటెక్టివ్ చిత్రాల మీద పుస్తకమూ రాశాడు. ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ ఇక లేదనుకున్న రోజుల్లో, వేల్ స్నేహితుడైన దర్శకుడు కర్టిస్ హారింగ్టన్ పట్టు విడవకుండా వెతికించి, 1968లో యూనివర్సల్ గిడ్డంగిలో దాని నెగటివ్ బయటపడేలా చేశాడు.

లెనీ చిత్రాన్ని యూనివర్సల్ 1930లో ‘ది క్యాట్ క్రీప్స్’ పేరుతో టాకీగా మళ్లీ తీసింది. దాని శబ్దం డిస్కుల్లో ఉంది. బొమ్మ మాత్రం, 1932 నాటి ‘బూ’ అనే లఘుచిత్రంలో వాడిన కొన్ని తునకలు తప్ప, ఇప్పటికీ దొరకలేదు.