ధింగానా: గుమ్మం దగ్గరి మజాక్‌కు ఒక తారీఖ్

కుల్కచర్ల, పరిగి, తాండూరు వైపు షాదీల్లో దుల్హా గుమ్మం దాకా వస్తే చాలు, దుల్హన్ తరపు పిల్లలు అడ్డం నిలబడతారు. పైసలు తియ్యనిదే లోపలికి పోనివ్వరు. ఇదంతా సినిమాలు చూసి నేర్చిందని కొందరు బుజుర్గులు విసుక్కుంటారు. కానీ గుమ్మం ఆపే ఈ రివాజుకు దాదాపు రెండు వందల ఏళ్ళ నాటి సాక్ష్యం ఉంది. అదీ మన తెలుగు నేల ముసల్మాన్ రాసిందే.

ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కన్ ముసల్మానుల రస్మ్ రివాజులను 'ఖానూనె ఇస్లాం' అనే కితాబ్‌లో రాశాడు. మద్రాసులో కంపెనీ సర్జన్‌గా ఉన్న హెర్‌క్లాట్స్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చగా 1832లో లండన్‌లో అచ్చయింది. బరాత్ రాగానే లోపలివాళ్ళు దారి ఆపడం, రాత్రిపూట దొంగలు తిరుగుతుంటారు, మీరూ వాళ్ళేనేమో అని ఆట పట్టించడం అందులో ఉంది. బాద్షా సవారీనే ఆపుతారా అని బయటివాళ్ళ జవాబూ ఉంది. చివరికి చేతిలో పెట్టే పైసల పేరే 'ధింగానా'.

ఈ మజాక్ ఎందుకు పుట్టింది? 1940లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త ఇలాంటి రిష్తాల మీద ఒక వ్యాసం రాశాడు. పెళ్ళితో రెండు ఖాందాన్లు కలుస్తాయి గానీ పరాయితనం ఒక్కరోజులో పోదు. ఆ ఇబ్బంది తగాదాగా మారకుండా నవ్వు కాపాడుతుందని ఆయన మాట. మన పొరుగిళ్ళలో బావామరదళ్ళ సరసం కూడా ఇలాంటిదే. అక్కడ మేనమామ కూతురు మరదలు, చిన్నాయన కూతురు చెల్లె. ఎవరితో పరాచికం ఆడొచ్చో ఆ వరసే చెబుతుంది. మనకు చచా కూతురితోనూ నికాహ్ జాయిజే. కాబట్టి మన ఇళ్ళలో వరస ఒక్కటే హద్దు గీయదు, లిహాజ్ కూడా కావాలి.

ఉలమాలు అడ్డు చెప్పిందీ ఇక్కడే. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'బెహిష్తీ జేవర్'లో షాదీ రస్ములను గట్టిగా తప్పుపట్టారు. సాలీ, భాభీ నామహ్రమ్‌లే. భర్త తరపు మగ బంధువు ఒంటరిగా ఉన్న ఆడమనిషి దగ్గరికి పోవడాన్ని మౌత్‌తో పోల్చిన హదీస్ బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. ఇక ఎగతాళి సంగతికొస్తే, సూరె హుజురాత్ 11వ ఆయత్ మగవాళ్ళను వేరుగా, ఆడవాళ్ళను వేరుగా వద్దంటుంది.

ధింగానా మజాక్ పదిమంది ముందర జరిగేది. రెండు వైపులా జవాబు చెప్పే హక్ ఉండేది. పైసలు చేతిలో పడగానే ముగిసేది. ఇవాళ కొందరు నౌజవాన్లు అర్ధరాత్రి ఫోన్‌లో మెసేజ్ పెట్టి, ఆడపిల్ల బాధపడితే "మజాక్ చేశా" అంటున్నారు. అక్కడ చూసే పెద్దలు లేరు, ఆమెకు జవాబిచ్చే వీలు లేదు, ఆగే చోటు లేదు. దాన్ని మజాక్ అనకండి. అది సతాయింపు. ఇంట్లో కొడుకులకు ఈ ఫరఖ్ చెప్పాల్సింది మనమే.